ఐదు గ్లాసుల భోజనం

పోయిన నెల సూట్‌కేసులో ఆవకాయ కారిన కథ రాస్తే చాలామంది నవ్వుకున్నామన్నారు. ఈ నెల రాయబోయేది చదివి మా అత్తగారి తరఫు వాళ్లు కొందరు ఫోన్ చేస్తారని నాకు తెలుసు. చెయ్యనివ్వండి. యాభై నిండాయి నాకు, ఆ మాత్రం ధైర్యం వచ్చింది.

ఆ యాభయ్యో పుట్టినరోజుకే మా అమ్మాయి ఒక కవరు చేతిలో పెట్టింది. "ఈసారి చీర కాదమ్మా" అంది. తెరిచి చూస్తే మూడు టికెట్లు. మేముండేది పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో. ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక చిన్న బ్రూవరీ ఉంది. ఏళ్ల తరబడి దాని ముందునుంచే కూరగాయలకు వెళ్తున్నాను కానీ లోపలికి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. అక్కడ శనివారం రాత్రి ప్రత్యేక విందు. ఐదు వంటకాలు, ఐదు రకాల బీర్లు. ఏ వంటకానికి ఏ బీరు నప్పుతుందో వాళ్లే జత కట్టి వడ్డిస్తారట.

"పిల్లతో కూర్చుని మనం తాగుతామా?" అన్నారు మావారు. ఆయన బెంగంతా ఆ 'మనం'లో ఉంది. ఆయన తాగడం మా పిల్ల చూడనిదేం కాదు. మన శనివారం పార్టీల సంగతి మీకు నేను చెప్పాలా? గరాజ్‌లో మగవాళ్లు, వాళ్ల మధ్య ఐస్ నింపిన కూలర్. వంటింట్లో మనం. వాళ్ల మంచింగ్‌కి పల్లీలు వేయించేది, మిర్చి బజ్జీలు వేసేది, చికెన్ 65 రెండో వాయి దించేది మనమే. మనలో ఎవరికైనా కాస్త వైన్ తాగాలనిపిస్తే కాఫీ కప్పులో పోసుకుంటాం, బయటికి కనిపించకుండా. పాతికేళ్లుగా ఈ దేశంలో ఆ ప్లేట్లు నింపి గరాజ్ తలుపు దాకా అందిస్తున్నాను. ఆ ప్లేటు పక్కన కూర్చుని తిన్నది మాత్రం లేదు.

చివరికి మా అమ్మాయే తీర్పు చెప్పింది. "నాన్నా, నువ్వు డ్రైవరువి. నీకు తాగే పనే లేదు." ఆయన ముఖం చూడాలి మీరు.

నాకూ లోపల బెరుకుగానే ఉంది. ఆఫీసు విందుల్లో వైన్ రెండు మూడుసార్లు రుచి చూశాను. బీరు మాత్రం ఎప్పుడూ తాగలేదు. ఆ వాసనే నాకు పడదు. కారణం తర్వాత చెబుతాను.

లోపలికి వెళ్లాక మొదట ముక్కుకి తగిలింది సారాకొట్టు వాసన కాదు, వేయించిన ధాన్యం వాసన. పాత గోదాములాంటి హాలు, అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు. పొడవాటి బల్లల చుట్టూ ముప్పై మందిమి ఉంటాం. ఆడవాళ్లే సగం పైన. ఒక మూల డెబ్బై ఏళ్లు దాటిన ఇద్దరు స్నేహితురాళ్లు ముచ్చట్లు చెప్పుకుంటున్నారు. ఒక్కొక్కరి ముందు ఐదు చిన్న గ్లాసులు, ఒక మంచినీళ్ల గ్లాసు. బల్ల మధ్యలో మూత లేని చిన్న బకెట్టు. ఐస్ కోసమేమో అనుకున్నాను.

బీరు కాచే ఆవిడకి నలభై ఏళ్లుంటాయి. రబ్బరు బూట్లతోనే వచ్చి నిలబడింది. అందరికీ రెండు గిన్నెలు తిప్పింది. ఒక దాంట్లో బార్లీ గింజలు, ఇంకో దాంట్లో హాప్స్ పువ్వులు. ఈ హాప్స్ మా ఒరెగాన్‌లో విల్లామెట్ లోయలోనే పండుతాయి, పక్క రాష్ట్రం వాషింగ్టన్‌లో ఇంకా బాగా పండుతాయి. ఆకుపచ్చగా, పొలుసులు పొలుసులుగా ఉన్న ఆ పువ్వుని అరచేతిలో నలిపి వాసన చూడమంది. దవనమూ నిమ్మాకూ కలిపి నలిపినట్టుంది. బీరుకి చేదు వచ్చేది దీనితోనే.

ఇక బార్లీ. గింజల్ని నానబెడతారట. మొలక రాగానే ఆరబెట్టి, వేడి చేసి ఆ మొలకని ఆపేస్తారట. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు తర్వాత వేడినీళ్లలో పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరని ఈస్ట్ తింటుంది. ఆల్కహాలూ బుడగలూ అక్కడే పుడతాయి. మొలకెత్తించి ఎండబెట్టిన ఆ గింజకే మాల్ట్ అని పేరు.

నేను మా అమ్మాయి చెయ్యి గిల్లాను. "నీకు ఆర్నెల్లప్పుడు మీ అమ్మమ్మ చేసి పంపిన రాగి మాల్ట్ ఇదేనే!" రాగులు నానబెట్టి, పాత పంచె గుడ్డలో మూట కట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించేది మా అమ్మ. పని అంతా ఒకటే. మనం జావ దగ్గర ఆగిపోయాం, వీళ్లు ఈస్ట్ వేసి ముందుకెళ్లారు.

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. సుమేరియన్లకి బీరుకి దేవత ఉండేదట, పేరు నింకాసి. ఆమెని స్తుతించే పాట సుమారు 3,800 ఏళ్ల నాటి మట్టిపలకల మీద దొరికింది, అందులో బీరు కాచే వరసంతా ఉంది. ఇంగ్లండులో కూడా ఇది పెద్ద వ్యాపారంగా మారకముందు రొట్టె కాల్చడంలాగే ఇంట్లో ఆడవాళ్లు చేసే పని. "వండింది ఆడవాళ్లు, అమ్ముకున్నది మగవాళ్లు" అని నేను తెలుగులో అంటే మావారు నీళ్లు తాగారు.

అప్పుడు ఆ బకెట్టు సంగతి చెప్పింది. "మీకు నచ్చకపోయినా, చాలనిపించినా మిగిలింది ఇందులో పోసెయ్యండి. నేను నొచ్చుకోను." నేను రెండోసారి అడిగి మరీ నిర్ధారించుకున్నాను. "ఒక్క పెగ్గు, నా మీద ఒట్టు" అని గ్లాసులు నింపే బావగార్లని చూసిన కళ్లు కదా ఇవి.

మొదట గోధుమతో చేసిన జర్మన్ తరహా బీరు, దానితో బీట్‌రూట్, మేక పాల చీజ్, హేజెల్‌నట్ ముక్కలు వేసిన సలాడ్. మబ్బు పట్టినట్టున్న ఆ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే అరటిపండు, లవంగం వాసన. అందులో పండూ లేదు, లవంగమూ లేదు. ఆ వాసనలు ఈస్ట్ నుంచే వస్తాయట. భయపడినంత చేదుగా లేదు. రెండోది బంగారు రంగు పిల్స్‌నర్, దానితో మా సముద్రతీరపు డంజినెస్ పీతలతో చేసిన వడలు. నూనెలో వేగిన వడ ముక్క కొరికి ఒక గుక్క తాగితే బుడగలు నాలుక మీది జిడ్డుని కడిగేస్తాయి. రెండో ముక్క మళ్లీ మొదటి ముక్కలాగే ఉంటుంది. మన భోజనంలో పప్పూ నెయ్యీ తర్వాత చారు చేసే పని అది.

మూడోది ఐపీఏ, బాగా చేదు. దానితో కారం పట్టించిన కోడి రెక్కలు. కారం తిని ఇది తాగగానే నోరు భగ్గుమంది. హాప్స్ చేదూ ఆల్కహాలూ కారాన్ని ఇంకా రాజేస్తాయని, కారం కూరలకి చేదు తక్కువ, మాల్ట్ తీపి ఎక్కువ ఉన్న బీరు నయమని వంటాయన చెప్పాడు. మన చికెన్ వేపుడు పక్కన ఏ బీరు పడితే అది పెట్టుకుని 'కారం ఎక్కువేశావు' అని మనల్ని అనే గరాజ్ బృందానికి ఈ సంగతి అందజేయగలరు.

నాకు హుషారొచ్చి ఆవిడని అడిగాను, గోంగూరకి ఏది సరిపోతుందని. గోంగూరంటే ఏమిటో చెప్పాక ఆలోచించి, "పులుపుకి పులుపే జత" అంది. జర్మనీలో 'గోజె' అని ఒక పుల్లటి బీరు ఉందట. దాంట్లో ఉప్పూ, ధనియాలూ వేస్తారట. "అది బీరు కాదు, చారు" అన్నారు మావారు. ఆయన చేతిలో అక్కడే చేసిన రూట్ బీరు ఉంది. అందులో ఆల్కహాలు లేదు. మూడో వంటకానికల్లా ఆయన ముఖం విచ్చుకుంది. పిల్లతో చారు గురించి వాదన పెట్టుకుని కూర్చున్నారు. మా ముగ్గురం ఒకే బల్ల దగ్గర ఇంతసేపు కూర్చుని చాలా నెలలైంది.

నాలుగోది వచ్చింది. బెల్జియం తరహా డబ్బెల్, చిక్కటి గోధుమ రంగు. దానితో గొడ్డుమాంసం బదులు, టికెట్లు కొన్నప్పుడే చెప్పుకున్నందుకు, మాకు పుట్టగొడుగులూ కాల్చిన ఉల్లిపాయలూ పెట్టారు. గ్లాసు ఎత్తాను. ఎండుద్రాక్ష, మాడిన పంచదార, వాటి అడుగున వెచ్చగా ఇంకేదో. ఆ 'ఇంకేదో' నాకు బాగా తెలిసిన వాసన. గ్లాసు దించేశాను.

"నీకీ వాసన ఎందుకు పడదమ్మా?" అంది మా అమ్మాయి. నేనేం మాట్లాడలేదు. కాసేపు నన్నే చూసి అడిగింది. "తాతయ్య తాగేవారా?"

మావారు చేతిలో గ్లాసు కింద పెట్టారు. పెళ్లయిన రెండేళ్లకి ఆయనకి చెప్పాను. పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు. 'తాతయ్య కామెర్లతో పోయారు' అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇరవై ఏడేళ్లుగా వాడి వాడి నునుపెక్కిన మాట అది.

మాది నెల్లూరు జిల్లా. 1992లో మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లినప్పుడు నాకు పదిహేడేళ్లు. రాత్రి బడుల్లో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు ఊరూరా లేచారు. సారా ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టారు. మరుసటేడు అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించింది. మా వీధిలో అందరూ మెచ్చుకున్నారు, మా నాన్నతో సహా. ఎందుకంటే నాన్న తాగేది సారా కాదు, బ్రాందీ. సారా తాగేవాళ్లు తాగుబోతులు. నాన్నగారిది 'అలవాటు'. ఉద్యోగం ఉంది, ఇస్త్రీ చొక్కా ఉంది, సీసా అల్మారాలో తాళం వేసి ఉంది. 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చినా ఆయనకి సరిహద్దు అవతలి నుంచి తెచ్చిపెట్టే మనుషులున్నారు. 1997లో ఆ నిషేధం సడలింది. మరుసటేడు ఆయన పోయారు. కళ్లు పసుపు పచ్చగా, పొట్ట ఉబ్బి. కామెర్లు అన్నారంతా. కామెర్లు నిజమే. అవి ఎందుకొచ్చాయో ఎవరూ అనలేదు.

ఇదంతా ఆ బల్ల దగ్గర, పుట్టగొడుగులు చల్లారిపోతుండగా చెప్పాను. గట్టిగా కాదు, ఏడవలేదు కూడా. రాత్రి పదింటికి అమ్మ కంచంలో అన్నం పెట్టి, పైన ఇంకో కంచం బోర్లించి కూర్చునేదని చెప్పాను. నాన్న వచ్చేవారు, ఆ వాసన వచ్చేది, అన్నం తినకుండా పడుకునేవారు. పొద్దున్నే ఆ అన్నం మెతుకులు ఎండి కంచానికి అంటుకుని ఉండేవి. వాటిని నానబెట్టి తోమేది నేను.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. "పోయినేడు కొత్త డాక్టర్ దగ్గర ఫారం నింపానమ్మా. కుటుంబంలో ఎవరికైనా మద్యం సమస్య ఉందా అని అడిగారు. లేదని రాశాను."

"నాకు తెలియదు గదా నువ్వు..." అంటూ మొదలుపెట్టి ఆపేశాను. దానికి తెలియకుండా చేసింది నేనే.

"నాకు చెప్పాల్సింది" అంది. కోపంగా కాదు.

"అవును, చెప్పాల్సింది" అన్నాను.

మద్యానికి బానిసయ్యే ప్రమాదంలో సుమారు సగం వంశం నుంచి వచ్చేదేనని పరిశోధకుల అంచనా. మిగిలిన సగం మనం పెరిగిన తీరు, చుట్టూ ఉన్న మనుషులు, మన నిర్ణయాలు. అంటే తలరాత కాదు, హెచ్చరిక. షుగరు, బీపీ ఎవరెవరికున్నాయో పిల్లలకి పేరు పేరునా చెబుతాం. ఇది మాత్రం పరువు కింద దాచేస్తాం. ఇరవై ఒకటి నిండగానే ఈ దేశంలో వాళ్లకి ఏ దుకాణమైనా సీసా ఇస్తుంది. వాళ్ల రక్తంలో ఏముందో వాళ్లకి తెలియకుండా ఆ దుకాణానికి పంపిస్తున్నది మనమే.

ఐదోది నల్లటి ఇంపీరియల్ స్టౌట్, దానితో మారియన్‌బెర్రీ జామ్ వేసిన చాక్లెట్ కేకు. ఆ నలుపంతా గింజల్ని మాడేదాకా వేయించడంతోనే వస్తుంది, కాఫీ గింజల్లాగే. బాగుంది. నిజం చెప్పాలంటే అన్నింటిలోకీ అదే నచ్చింది నాకు. సగం తాగాక చాలనిపించింది. మిగిలింది బకెట్టులో పోసేశాను, పక్కనే అలాగే ఉండిపోయిన డబ్బెల్ కూడా. ఎవరూ 'అయ్యో' అనలేదు. ఇష్టమైన గ్లాసుని సగంలో ఆపి పారబోయడం మా నాన్నకి ఒక్క రాత్రయినా చేతనైతే ఎంత బాగుండేదో అనుకున్నాను.

వెళ్లాలనుకునే వాళ్ల కోసం నాలుగు మాటలు. గ్లాసు చిన్నదని మోసపోకండి. మాకు ఒక్కోటి నాలుగు ఔన్సులు పోశారు. ఐదు శాతం బీరు 12 ఔన్సులైతే ఇక్కడి లెక్కలో ఒక డ్రింకు. మా ఐదు గ్లాసులూ ఐదు నుంచి తొమ్మిది శాతం దాకా ఉన్నాయి కాబట్టి అన్నీ తాగితే రెండు డ్రింకులకి కాస్త పైనే. అదే మోతాదు మగవాళ్లకన్నా మన రక్తంలో ఎక్కువగా చేరుతుంది. కాబట్టి తాగని డ్రైవరు ఒకరు తప్పనిసరి. వీసా మీదున్నవాళ్లకి తాగి నడిపిన కేసులో అరెస్టయితే వీసానే రద్దయ్యే ప్రమాదం ఉంది. శాకాహారులైతే ముందే ఫోన్ చెయ్యండి. వంటకాలు మారుస్తారు. కొన్ని బీర్లని తేటపరచడానికి చేప నుంచి తీసిన పదార్థం వాడతారు, అది కూడా అడగండి. గర్భవతులు, మందులు వాడేవాళ్లు, ఇంట్లో ఈ జబ్బు చూసి తమ మీద తమకి అనుమానం ఉన్నవాళ్లు రూట్ బీరుతో కూర్చోండి. మావారు కూర్చున్నారు, ఏం తక్కువ కాలేదు. మద్యం ఎంత తాగినా ఫర్వాలేదనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. కాబట్టి తాగమని నేను ఎవరికీ చెప్పడం లేదు. నేను మళ్లీ తాగుతానో లేదో నాకే తెలియదు. చెప్పేదల్లా ఒక్కటే. మీ ఇంట్లో కూడా ఒక 'కామెర్ల' కథ ఉంటే పిల్లలకి చెప్పండి. దానికి బ్రూవరీయే అక్కర్లేదు, మీ డైనింగ్ టేబుల్ చాలు.

ఇంటికొచ్చేసరికి రాత్రి పది. నెల్లూరులో ఆదివారం పొద్దున పదిన్నర. అమ్మకి ఫోన్ చేశాను.

"పాపకి నాన్న సంగతి చెప్పేశానమ్మా."

అవతల కుక్కరు కూత పెట్టింది. అమ్మ స్టవ్ కట్టి వచ్చింది.

"ఏం చెప్పావు?"

"ఉన్నదే."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"నీ పెళ్లి చెడుతుందని దాచానమ్మా నేను" అంది చివరికి. "పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది గదా. ఇంకా ఎవరి కోసం దాస్తాం? మంచి పని చేశావులే."

తర్వాత గొంతు సవరించుకుని అడిగింది.

"ఇంతకీ పుట్టినరోజు భోజనం ఎట్టుంది? కడుపునిండా తిన్నావా?"

"తిన్నానమ్మా" అన్నాను. "వేడివేడిగా, ముగ్గురం కూర్చుని."